జ్వరమని రాయని మూడు రోజులు

ఆ మనిషిని ప్రాణాలతో ఇంటికి చేర్చలేనేమో అన్న భయం నన్ను వియత్నాంలో ఒక కాఫీ మిల్లులో పట్టుకుంది. పగలు పదకొండు గంటల ఇరవై నిమిషాలు. ఆ రోజు డైరీలో ఆ టైము తర్వాత మరో ముక్క లేదు. నలభై ఏళ్ళుగా రోజూ పేజీ నింపిన చెయ్యి అక్కడ ఆగిపోయింది. రెండువేల సంవత్సరం దాటాక, విమానాశ్రయాల్లో ప్రయాణికుల జ్వరం కనిపెట్టే కెమెరాలు కొత్తగా పెట్టిన రోజుల మాట ఇది. అప్పటి పేజీలు ముందు పెట్టుకునే రాస్తున్నాను.

నేను ఉద్యానశాఖలో పనిచేసి రిటైరయ్యాను. కారేపల్లి, వైరా వైపు మిరప, మామిడి తోటలు చూసింది కొన్నేళ్ళే. మిగతా సర్వీసంతా భద్రాచలం ఏజెన్సీలో, గోదావరి అవతలి అడవి ఊళ్ళలోనే గడిచింది. రిటైరై ఖమ్మంలో ఉంటుండగా ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్ళు వచ్చారు. ఏజెన్సీలో కొండవాలు పొలాల్లో, చెట్ల నీడన కాఫీ వేయించి చూద్దామనుకుంటున్నారట. ముందు ఒక రైతును కాఫీ బాగా పండే దేశానికి పంపి తోటలూ మిల్లులూ చూపించాలి. వెంట కోయ భాషా, ఇంగ్లీషూ రెండూ తెలిసిన మనిషి ఉండాలి. రైతును ఎంచే పనీ, వెంట వెళ్ళే పనీ నాకే ఇచ్చారు.

నేను చర్ల రోడ్డు నుంచి లోపలికి ఉన్న ఒక కోయ ఊరి పటేలును ఎంచాను. పటేలంటే ఊరి పెద్ద. విత్తనం చల్లాలన్నా, కొత్త పంట నోట పెట్టాలన్నా ముందు ఆయన చెయ్యి పడాలి. ఆయన వేస్తే ఊరంతా వేస్తుంది. యాభై దాటిన మనిషి, బక్కగా ఉన్నా గట్టివాడు. ఇరవై ఏళ్ళుగా నాకు తెలుసు. అడగ్గానే ఒప్పుకున్నాడు. ఒప్పుకోనిది ఆయన భార్య. బయలుదేరే రోజు జీపు దగ్గరికి వచ్చి నిలబడింది.

"ఆ దేశంల ఈయన మాట ఎవలికి ఎర్క సారూ? ఆకలైతుందంటే ఎవలింటరు?"

"నేనున్న కదమ్మా."

"నువ్వున్నవనే పంపుతున్న. తీస్కపోయేది నువ్వు, తెచ్చేది నువ్వే."

"నన్నేమన్న బస్తాల ఏసి పంపుతున్నవా?" అన్నాడు పటేలు జీపులోంచి. ఆమె నవ్వలేదు.

సారపాక కాగితం మిల్లు పొగగొట్టాలు దాటుతుండగా నేను ఆయనకు జాగ్రత్తలు చెప్పడం మొదలుపెట్టాను. పాస్‌పోర్టు ఎక్కడ దాచుకోవాలి, విమానంలో చెవులు నొప్పి పుడితే ఏం చేయాలి, అన్నీ వరసగా. చివర్లో ఇంకో మాట అన్నాను.

"పటేలా, ఇప్పుడు ఎయిర్‌పోర్టుల జ్వరం పట్టే కెమెరాలు పెట్టిండ్రు. ఒళ్ళు కాలితే ఆడికెళ్ళే వాపస్ పంపుతరు. లేకుంటే తీస్కపోయి రూముల ఏసి తాళమేస్తరు. జ్వరమన్న మాటే నోట్లకెళ్ళి రానియ్యకు."

"నాకేం జరం సారూ? దున్నపోతు లెక్కున్న."

ఇద్దరం నవ్వుకున్నాం. వియత్నాంలో దిగాక ఆరోగ్యం గురించి ఇచ్చిన కాగితం ఆయనది కూడా నేనే నింపాను. జ్వరం ఉందా అన్నచోట లేదని గీత పెట్టాను. ఆయన్ను అడగలేదు.

మేం చూడాల్సిన తోటలు ఆ దేశం నడిమి కొండల్లో ఉన్నాయి. దిగిన ఊరి నుంచి ఒక పగలంతా బస్సు. మాకు దుభాషిగా వచ్చినామె పూర్వం ఇంగ్లీషు టీచరు, నలభై అయిదేళ్ళుంటాయి. పొట్టిగా, చురుగ్గా ఉండి ప్రతి మాటా రెండుసార్లు అడిగి నిర్ధారించుకునేది.

మొదటి రోజు చూసిన తోట అక్కడి కొండజాతి వాళ్ళది. స్తంభాల మీద కట్టిన పొడుగాటి వెదురు ఇల్లు, కింద పందులు, కోళ్ళు. ఆ ఇంటిని చూడగానే పటేలు ముఖం వికసించింది. "సారూ, వీళ్ళు మనోళ్ళే," అన్నాడు. కాయలు కోసే కాలం. చెట్టు కింద పరదాలు పరిచి, కొమ్మను పిడికిట్లో పట్టి కిందికి లాగితే ఎర్రకాయలు, పచ్చికాయలు, ఆకులు అన్నీ కలిసి రాలుతున్నాయి. పటేలు కాసేపు చూసి, తాను ఒక్కో కాయ ఏరి కోసి చూపించాడు. ఎర్రవి మాత్రమే. ఆ ఇంటి ముసలమ్మ ఏదో అంది. అందరూ ఘొల్లున నవ్వారు.

"ఇట్లా కోస్తే వచ్చే ఏడాదిదాకా ఇక్కడే ఉండాలంటోంది," అని దుభాషి చెప్పింది.

"ఉంట గని, ఆమెకు మొగడున్నడా అడుగు," అన్నాడు పటేలు. అది నేను అనువదించలేదు.

మధ్యాహ్నం ఆ ఇంట్లోనే భోజనం. అన్నం, చేపలు, పచ్చి చిక్కుళ్ళ వేపుడు. పటేలు అన్నం, చేప తిన్నాడు. చిక్కుళ్ళు ముట్టలేదు. కారణం నాకు తెలుసు. వాళ్ళ ఊళ్ళో చిక్కుడు పండుగ ఇంకా కాలేదు. కొత్త చిక్కుడు ముందు వేల్పుకు పెట్టాలి, ఆ తర్వాతే ఎవరైనా తినాలి. పెట్టాల్సిన మనిషే ఈయన. పరాయి దేశమైనా సరే తినడు. ఈ సంగతి దుభాషికి నేను ఉత్సాహంగా విడమరిచి చెప్పాను. ఆమె వాళ్ళకు చెప్పింది. ముసలమ్మ తల ఊపి, తమకూ కొత్త బియ్యం విషయంలో అలాంటి పట్టింపు ఉండేదని చెప్పిందట. ఆ సాయంత్రం నేను డైరీలో ఒకటిన్నర పేజీ రాశాను. ఇప్పుడు చదివితే ఆ పేజీలో చిక్కుడు పండుగ కంటే నా తెలివే ఎక్కువగా కనిపిస్తుంది. కింది వరసలో, 'మధ్యాహ్నం తర్వాత పటేలు పెద్దగా మాట్లాడలేదు, ప్రయాణ బడలిక' అని కూడా ఉంది.

రెండో రోజు పొద్దున ఆయన టీ నీళ్ళు తప్ప ఏమీ తీసుకోలేదు. కళ్ళు ఎర్రబడ్డాయి. బస్సులో దుమ్ము పడిందేమో అనుకున్నాను. చలిగా ఉందని నా దుప్పటి కూడా అడిగి కప్పుకున్నాడు. కొండ ప్రాంతం, చలి సహజం. ఆ రోజు చూసింది పెద్ద తోట. వరసల మధ్య నడుస్తూ నేను చెట్ల మధ్య దూరం అడుగులతో కొలిచి రాసుకుంటున్నాను. వెనక్కి తిరిగితే పటేలు ఒక చెట్టు మొదట్లో కూర్చుని ఉన్నాడు. నేను చూడగానే లేచాడు. మరో రెండు వరసలు దాటాక మళ్ళీ కూర్చున్నాడు.

"ఏంది పటేలా, కాళ్ళు నొస్తున్నయా?"

"మట్టి చూస్తున్న సారూ."

మధ్యాహ్నం అన్నం పళ్ళెం ముందు పెడితే పక్కకు జరిపాడు. దుభాషి ఆందోళనగా నా వైపు చూసింది.

"ఇది గూడ పండుగ ముచ్చటేనా పటేలా?" అని అడిగాను.

ఆయన నా ముఖంలోకి కాసేపు చూశాడు. "అవ్ సారూ," అన్నాడు.

కొత్త బియ్యం అయివుంటుంది, అందుకే తినడం లేదు అని దుభాషికి చెప్పాను. డైరీలోనూ అదే రాశాను. కానీ వాళ్ళ ఊళ్ళో కొత్తల పండుగ, అంటే కొత్త బియ్యం పండుగ, మేం బయలుదేరకముందే అయిపోయింది. ఆ పండుగకు నేనే వెళ్ళాను, మోదుగాకులో తిన్నాను. ఆ సంగతి అదే డైరీలో, కొన్ని పేజీల వెనక, నా దస్తూరీతోనే ఉంది. తిరగేసి చూసుకోవాలన్న ఆలోచన రాలేదు. కాదు, ఒక్క క్షణం వచ్చింది. అప్పుడే తోట మేనేజరు నీళ్ళు పారించే పద్ధతి చెప్పడం మొదలుపెట్టాడు, నేను రాసుకోవడంలో పడ్డాను.

మూడో రోజు మిల్లు. ఈ ప్రయాణంలో పటేలు అన్నిటికంటే చూడాలనుకున్నది అదే. కాయ కోసి ఇంట్లో పెట్టుకుంటే ఏం లాభం, దాన్ని గింజగా మార్చే మర ఎట్లుంటుందో చూడాలని బయలుదేరినప్పటి నుంచీ అంటున్నాడు. పొద్దున మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుని దిగాడు. తినలేదు కాబట్టి నీరసం అనుకున్నాను. ఆచారం ఎంత గట్టిదో అని మనసులో మెచ్చుకున్నాను కూడా.

మిల్లు ముందు సిమెంటు కళ్ళం, మన మిర్చి కళ్ళాలకు నాలుగింతలు. కాయలు పలచగా పరిచి ఆడవాళ్ళు చెక్క పారలతో తిరగేస్తున్నారు. లోపల రేకుల షెడ్డు. ఎండ చాలనప్పుడు కాయలు ఆరబెట్టడానికి గది అంత ఇనుప డ్రమ్ములు మెల్లగా తిరుగుతున్నాయి. వాటి కింద పొయ్యిలు, వాటిలో కాఫీ పొట్టే మంట. పక్కన పొట్టు తీసే మర, దానికి కాయలు అందించే గొయ్యి. గొయ్యి అడుగున మరమేకు లాంటి ఇనుప చుట్ట తిరుగుతూ కాయల్ని లోపలికి లాక్కుంటుంది. చప్పుడుకు పక్క మనిషి మాట వినపడదు. పొట్టు దుమ్ముకు పది అడుగుల అవతల ఎవరున్నారో తెలియదు.

ఫోర్‌మన్ చెబుతున్నది దుభాషి నా చెవి దగ్గర అరిచి చెబుతోంది, నేను రాసుకుంటున్నాను. పేజీ తిప్పి పక్కకు చూస్తే పటేలు లేడు.

టైము రాసింది అప్పుడే.

ముందు కళ్ళంలోకి పరుగెత్తాను. లేడు. గేటు దగ్గర లేడు. మళ్ళీ లోపలికి వచ్చేసరికి నా కళ్ళు వాటంతట అవే ఆ గొయ్యి వైపు పోయాయి. దాని చుట్టూ కంచె లేదు. అంచున ఒక చెప్పు కనిపించింది. నల్ల రబ్బరు చెప్పు, పటేలుకూ అలాంటివే. ఫోర్‌మన్ చొక్కా పట్టుకుని ఆ చెప్పు చూపించాను. అతను మర ఆపించాడు. షెడ్డంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. అతను చెప్పు తీసి చూసి, పక్కనే వట్టి కాళ్ళతో నిలబడ్డ పనివాడికి ఇచ్చాడు. అది అతనిదే.

ఆ నిశ్శబ్దంలో డ్రమ్ముల వెనక నుంచి ఒక ఆడమనిషి కేక వినపడింది.

పటేలు పొయ్యి నోటి దగ్గర కూర్చుని ఉన్నాడు. మేం నాలుగడుగుల దూరంలో నిలబడలేకపోతున్నాం, అంత వేడి. ఆయన మోకాళ్ళు గుండెలకు హత్తుకుని వణుకుతున్నాడు. పళ్ళు కొట్టుకుంటున్నాయి. పొయ్యి చూసే ఆవిడ ఆయన భుజాల మీద గోనెసంచి కప్పింది. ఇంకొంచెం ముందుకు వాలితే మంటలోకే.

రెక్క పట్టి లేపబోయాను. చెయ్యి కాలింది. పొయ్యి వేడి అనుకున్నాను, కాదు. ఆయన నా వైపు చూసి కోయలో మాట్లాడాడు. నన్ను అన్నా అని పిలిచాడు. ఎడ్లు మేతకు పోయి ఇంటికి రాలేదు, చీకటి పడకముందే వెతుకుదాం పద అన్నాడు. వాళ్ళన్న చనిపోయి అప్పటికి ఎన్నో ఏళ్ళు. ఆ అన్నను జ్వరంతోనే మంచం మీద మోసుకొస్తుంటే దారిలో పోయాడని ఆయనే నాకు ఒకసారి చెప్పాడు.

మిల్లు వాళ్ళ వ్యానులో ఆసుపత్రికి పోయాం. దారి పొడుగునా ఆయన తల నా ఒళ్ళో ఉంది. రెప్ప ఎత్తి చూస్తే కన్ను పచ్చగా ఉంది.

డాక్టరు నా ఈడు మనిషి. ఎడమ డొక్క నొక్కి చూశాడు, నర్సు చేత రక్తం తీయించాడు, ఒక ప్రశ్న అడిగాడు. దుభాషి నాకు చెప్పింది.

"జ్వరం ఎన్ని రోజుల నుంచి?"

అలవాటు కొద్దీ డైరీ తీశాను. తేదీలున్నాయి. మొదటి రోజు బడలిక. రెండో రోజు ఎర్ర కళ్ళు, రెండు దుప్పట్లు, అన్నం ముట్టకపోవడం, ఆచారం. మూడో రోజు గోడ పట్టుకుని దిగడం, ఆచారం. అన్నీ టైములతో సహా రాసి ఉన్నాయి. జ్వరం అన్న మాట ఒక్కచోట కూడా లేదు. వేళ్ళతో లెక్కపెట్టి "మూడు" అన్నాను.

"మూడు రోజులు ఏం చేశారు అని అడుగుతున్నారు," అంది దుభాషి. ఆమె నా ముఖం చూడలేదు. ఆచారం అని ఆమెకు చెప్పింది నేనే కదా.

డాక్టరు మరో ప్రశ్న వేయలేదు. రక్తం చూసి వచ్చి చెప్పాడు. మలేరియా, మెదడుకు ఎక్కే రకం. తమ కొండల్లోనూ ఇదే ఉంది, మందు ఉంది, ఇంజెక్షన్ మొదలుపెట్టాం. రేపటిదాకా ఏ మాటా చెప్పలేను అన్నాడు.

బయట బెంచీ మీద కూర్చున్నాను. మా ఏజెన్సీలో ఈ జ్వరాన్ని నేను గడప దగ్గర్నుంచే గుర్తుపట్టేవాణ్ణి. పగటిపూట పొయ్యి దగ్గర ముడుచుకున్న మనిషిని చూస్తే, "ముందు దవాఖానకు పోండి, మొక్కల ముచ్చట తర్వాత" అనేవాణ్ణి. అట్లా ఎన్ని ఊళ్ళలో అన్నానో. అక్కడ ఆయన నాకు మనిషి. ఇక్కడికి వచ్చేసరికి పదిమందికి చూపించి, వివరించి చెప్పాల్సిన వింత అయిపోయాడు. అన్నం పక్కకు నెట్టినా, చలికి వణికినా, నాకు ఆచారమే కనపడింది.

భార్యకు చెప్పారా అని దుభాషి అడిగింది. ఊళ్ళో ఫోను లేదు. మండలం సెంటర్లో ఒక కొట్టుకు చేస్తే వాళ్ళు కబురు పంపుతారు. నెంబరు నా జేబులోనే ఉంది. రేపు చేస్తాను అన్నాను. ఏమని చెయ్యను? ఆయనకు ఏమన్నా అయితే ఇక్కడి కాగితాలు ఎవరు చేస్తారు, పెట్టెలో పెట్టి పంపుతారా, ఎన్నాళ్ళకు చేరుస్తారు, ఆ ఊరి పొలిమేరలో ఆమె ఎదురుగా నేనెట్లా దిగాలి. చెయ్యకూడని ఆలోచనలన్నీ ఒకదాని తర్వాత ఒకటి చేశాను. లోపల ఎవరి చెప్పుల చప్పుడు వినపడినా నా కోసమే వస్తున్నారనుకున్నాను.

మరునాడు పొద్దున పదిగంటలప్పుడు నర్సు వచ్చి చెయ్యి ఊపింది. గోడ పట్టుకుని లేచాను.

పటేలు కళ్ళు తెరిచి ఉన్నాడు. పెదాలు పగిలిపోయాయి.

"మర ఆపిండ్రా సారూ? సప్పుడైతలేదు."

"ఇది దవాఖాన పటేలా."

కాసేపు పైకప్పు చూశాడు. "పొట్టు ఎటు పోతది, గింజ ఎటు పడతది, నేను చూడకపోతి గద."

నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "జ్వరమని ఎందుకు చెప్పలె?"

"నువ్వే అంటివి గద జీపుల. ఆ మాటే రానియ్యొద్దంటివి. వాపస్ పంపుతరంటివి."

"మరి అన్నం కాడ అడిగితే? పండుగ ముచ్చటా అంటే అవ్ అన్నవ్."

"నేనేం చెప్పాల్నా అని చూస్తున్న. నువ్వే మంచి మాట అందిచ్చినవ్. పట్టుకున్న." నవ్వబోయి దగ్గాడు. "నువ్వు నమ్మవేమో అనుకున్న. కొత్తల పండుక్కి మా ఇంట్ల తినిపోయినోనివి."

ఆయనే మళ్ళీ, "ఇంటిదానికి చెప్పకు సారూ," అన్నాడు.

ఆ రోజు ఫోను చేశాను. పటేలుకు పాణం బాగలేకుండె, ఇప్పుడు తేటపడ్డడు, వారం ఆలస్యమైతది అని చెప్పించాను. ఆ వారంలో డాక్టరు ప్రతి పూటా ఇంకా భయం పోలేదనే అన్నాడు. జ్వరానికి డొక్కలో ఉబ్బిన గడ్డ తగ్గలేదు, ఇంటికి పోయాక జ్వరం మళ్ళీ రావచ్చు, వస్తే గంటల్లో చూపించాలి అని దుభాషి చేత నాకు రెండుసార్లు చెప్పించాడు. మాత్రలు కాగితంలో చుట్టి ఇచ్చాడు. తోటలన్నీ రద్దు చేసుకుని తిరిగి వచ్చాం. తిరుగు ప్రయాణంలో ప్రతి విమానాశ్రయంలోనూ, కెమెరా ముందు ఆయన నడుస్తుంటే నేను వెనక ఊపిరి బిగబట్టాను.

జీపు ఊరి దారి పట్టేసరికి ఆసుపత్రి బెంచీ మీద లేనంత భయం వేసింది. ఆమె ఇంటి ముందే ఉంది. పటేలు దిగాడు. చొక్కా ఆయనది కానట్టు వేలాడుతోంది. ఆమె ఆయన మెడ కింద చెయ్యి పెట్టి చూసింది. రెప్ప కిందికి లాగి చూసింది. వాకిట్లో మంచం వాల్చి పడుకోబెట్టాక నా వైపు తిరిగింది.

"ఎన్ని దినాలు?"

"ఏందమ్మా?"

"జరం. ఎన్ని దినాలు చూడలె నువ్వు?"

"మూడు."

"ఒక్క రూముల ఉండి?"

"అవ్."

"నేనే దాచిన, సారునేమనకు," అన్నాడు పటేలు మంచం మీంచి.

"నువ్వు నోరు మూయి. నువ్వెప్పుడు చెప్పినవ్ గన్క? నాకు చెప్తనే ఎర్కయితదా?" ఆమె మళ్ళీ నన్ను చూసింది. "కండ్లున్నయ్, కాగితమున్నది. అన్ని రాస్కుంటవ్. చెయ్యి పెట్టి చూడనీకి రాలేదా సారూ?"

తప్పు నాదే అన్నాను. జీపులో నేనన్న మాట, అన్నం దగ్గర నేనడిగిన ప్రశ్న రెండూ చెప్పాను. మాత్రలు ఎట్లా వేయాలో చెప్పాను. జ్వరం మళ్ళీ రావచ్చన్న డాక్టరు మాట కూడా దాచలేదు. ఆమె అంతా విన్నది. కూర్చోమనలేదు, పొమ్మనలేదు. నేను జీపు వైపు నడుస్తుంటే వెనక నుంచి పిలిచింది.

"ఎల్లుండి మల్ల రా. జీపు తీస్కరా. జరం మల్లొస్తే దవాఖానకు ఎట్ల తీస్కపోవాలె నేను?"

ఖమ్మం పోలేదు. భద్రాచలంలోనే గది కిరాయికి తీసుకుని ఉన్నాను. ఎల్లుండి పొద్దున్నే జీపు మాట్లాడుకుని వెళ్ళాను. దారంతా ఇంటి ముందు జనం గుమిగూడి ఉంటారేమో అని ముందు అద్దంలోంచి చూస్తూనే ఉన్నాను. ఎవరూ లేరు. ఆమె కట్టెలు కొడుతోంది. నన్ను చూసి గొడ్డలి ఆపి, తలతో మంచం వైపు చూపించింది. పటేలు దుప్పటి ముసుగేసి, అటు తిరిగి పడుకుని ఉన్నాడు. కదలిక లేదు.

ఇరవై ఏళ్ళ పరిచయంలో, ఆ మిల్లులో, వ్యానులో తప్ప, నేను ఆయన ఒంటి మీద చెయ్యి వేసిందే లేదు. దుప్పటి తొలగించి నుదుటి మీద చెయ్యి పెట్టాను. చల్లగా ఉంది. ఆ చల్లదనం ఎలాంటిదో తెలియలేదు. వేళ్ళు మెడ కిందికి జరిపి, నరం కొట్టుకుంటున్నది తగిలేదాకా అలాగే వంగి ఉన్నాను. తగిలింది. అయినా చెయ్యి తీయలేదు.